ఒక అభిమాని తీర్చవలసిన బాకీ

ఆషాఢము వచ్చినదంటే మా నారాయణఖేడు ప్రాంతములో పెసర, మినుము చేలు పచ్చబడతాయి. కలుపు తీసే కూలీల మాటలు గట్ల మీద వినబడతాయి. సరిగ్గా ఆ దినములలోనే, జూలై నెలలో, ఇక్కడికి వేల మైళ్ల దూరాన ఫ్రాన్సు దేశములో నూట ఎనభై మందికి పైగా సైకిళ్లెక్కి మూడు వారములపాటు కొండలు, మైదానములు దాటుకొంటూ పందెము సాగిస్తారు. ఈ రెంటికీ సంబంధమేమిటని శ్రోతలు అడగవచ్చును. సంబంధమేమీ లేదు. మా మనస్సులో మాత్రము పాతికేళ్లకు పైగా ఈ రెండును ఒకదాని వెంట ఒకటి వస్తున్నవి.

అభిమానము అనేది ఒకసారి పుట్టి, ఎల్లకాలము ఒకే తీరున నిలిచేది కాదు. మనిషితోపాటు అదికూడ పెరుగుతుంది, అలుగుతుంది, కొన్నాళ్లు ఇల్లు విడిచి పోతుంది, మరల తిరిగివస్తుంది. సైకిలు పందెము మీది మా అభిమానము ఇంతవరకు మూడు రూపములు ధరించినది. మొదటిది భక్తి. రెండవది కోపము. మూడవదానికి పేరు పెట్టడము కష్టము. ఈ మార్పును గురించి చెప్పడమే నేటి మా ఉద్దేశము. చెప్పవలసిన అవసరము కూడ మాకు ఒకటి ఉన్నది. అది ముందుముందు మనవి చేస్తాము.

నారాయణఖేడు 1956 వరకు బీదరు జిల్లాలోని తాలూకా. రాష్ట్రముల పునర్విభజనతో మెదకు జిల్లాలో చేరినది. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. అంగడినాడు తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ నాలుగు భాషలును ఒకే బేరములో వినబడే ఊరు అది. మా చిన్ననాట, అనగా 1990 ప్రాంతములో, ఆ ఊరికి సైకిలే పెద్ద వాహనము. పాలక్యాను, జొన్నబస్తా, కొత్త కోడలు, జ్వరము వచ్చిన పిల్లవాడు, ఎవరైనను, ఏదైనను సైకిలు క్యారియరు మీద సాగిపోవలసినదే.

బస్సుస్టాండు దగ్గర ఒక కిరాయి సైకిళ్ల దుకాణముండేది. గంటకు రూపాయి. దుకాణదారును ఊరంతా చాచా అని పిలిచేవారు. ఎవరు ఏ సైకిలును ఎన్ని గంటలకు తీసుకొన్నారో ఆయన ఒక నల్లపలక మీద సుద్దముక్కతో వ్రాసేవారు. సైకిలు తెచ్చి నిలబెట్టినంత మాత్రాన పేరు చెరిగేది కాదు. "పైస ముడితేనే పేరు తుడుస్త బేటా" అనేవారు. పెద్ద సైకిలు ఎక్కే ఎత్తు లేని మాబోటి పిల్లలు నడిమి కడ్డీ కింద నుండి కాలు దూర్చి, ఒంటిని పక్కకు వంచి, సగము సగము తొక్కుతూ సైకిలు నేర్చుకొన్నారు. మేము పడిన మొదటి పదిసార్లలో తొమ్మిదిసార్లు వెనుక సీటు పట్టుకొని పరుగెత్తినది చాచాయే.

1991 వేసవిలో మా ఊరి బడి మైదానమునకు ఒక సైకిలు ఆటగాడు వచ్చినాడు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద కాలు మోపక సైకిలు తొక్కుతానని దండోరా వేయించినాడు. ఆ రోజులలో చిన్న పట్టణములలో ఇటువంటి ఆటలు తరచుగా జరిగేవి. మైదానము నడుమ ఒక గుంజ పాతి, చుట్టూ రంగుకాగితములు కట్టి, మైకులో సినిమా పాటలు పెట్టినారు. ఆయన సైకిలు మీదనే స్నానము చేసినాడు, సైకిలు మీదనే అన్నము తిన్నాడు, సైకిలు మీదనే గడ్డము గీసుకొన్నాడు. జనము ఐదు, పది రూపాయల నోట్లు పిన్నీసులతో చొక్కాకు గుచ్చేవారు. మేము చూచిన మొదటి వృత్తి సైకిలిస్టు ఆయనే. సైకిలు తొక్కి పొట్టపోసుకొనడమే వృత్తి అయితే, ఆయనను మించిన వృత్తివాడు లేడు.

నాలుగవనాడు తరగతిలో ఒక వదంతి పుట్టినది. జనము పోయిన తరువాత, అర్ధరాత్రి ఆయన దిగి నిద్రపోతున్నాడట. ఆ మాట మాకు నిద్ర పట్టనీయలేదు. ఒక స్నేహితుని వెంటబెట్టుకొని తెల్లవారుజామున మూడు గంటలకు మైదానమునకు పోయినాము. బల్బులు వెలుగుతున్నవి. పాటలు లేవు. ఆయన సైకిలు మీదనే ఉన్నాడు. అయితే తల ఛాతీ మీదకు వ్రాలి ఉన్నది. పక్కన ఆయన తమ్ముడు ఒక చేయి సీటు మీద, ఒక చేయి హాండిలు మీద ఉంచి, నడుస్తూ సైకిలును మెల్లగా గుండ్రముగా తిప్పుతున్నాడు. అన్న నిద్రపోతున్నాడు, తమ్ముడు నడుస్తున్నాడు.

మా స్నేహితుడు ఇది మోసమన్నాడు. మేము కాదన్నాము, కాని ఎందుకు కాదో చెప్పలేకపోయినాము. తెల్లవారగానే తగవు చాచా దగ్గరకు పోయినది. ఆయన పంచరు వేస్తూనే రెండు ప్రశ్నలు వేసినారు.

"లైట్లు బంద్ జేసిండ్రా?"

"లేదు చాచా."

"మిమ్మల్ని జూసి చెయ్యి తీసేసిండా?"

"లేదు."

"మరి మోసం ఏడున్నది బేటా? దాచుకొని జేస్తె మోసం. నలుగురి ముందట జేస్తె సాయం."

ఈ తీర్పు చాల కాలము తరువాత మాకు పనికివచ్చినది.

1999లో చదువు నిమిత్తము ఉస్మానియా విశ్వవిద్యాలయములో చేరినాము. ఆ జూన్ నెలలో ప్రపంచ కప్పు క్రికెట్టు ముగిసినది. హాస్టలు టి.వి. గది ఖాళీ అయినది. ఒక రాత్రి ఎవరును లేని ఆ గదిలో మీట తిప్పుతుండగా, మంచు కప్పిన కొండల నడుమ సన్నని దారిలో సైకిళ్లు బారులు తీరి పైకి పాకుతున్న దృశ్యము కనబడినది. మా ఊరి మైదానములోని బల్బులు వెంటనే జ్ఞప్తికి వచ్చినవి. ఆ రాత్రి కూర్చున్నవారము ఆ మూడు వారములును కూర్చున్నాము.

ఆ పందెము పేరు టూర్ ద ఫ్రాన్స్. ఇది ఒక పత్రిక అమ్మకములు పెంచుకొనుటకు పుట్టినది. "లోతో" అనే క్రీడాపత్రికకు సంపాదకుడైన హెన్రీ దెగ్రాంజ్ ఆధ్వర్యమున 1903 జూలైలో మొదటి పందెము జరిగినది. 6 అంచెలు, మొత్తము 2,428 కిలోమీటర్లు. బయలుదేరినవారు 60 మంది, చివరకు చేరినవారు 21 మంది. పత్రిక పసుపుపచ్చని కాగితము మీద అచ్చయ్యేది. 1919 నుండి, మొత్తము కాలములో ముందున్న సైకిలిస్టుకు అదే రంగు చొక్కా తొడగడము ఆచారమైనది. ఇప్పుడు 21 అంచెలు ఉంటాయి. 2025లో 23 జట్లు, జట్టుకు ఎనిమిది మంది చొప్పున 184 మంది బయలుదేరినారు. దూరము 3,300 కిలోమీటర్లకు పైగా.

దూరమునుండి చూచేవారికి ఇది ఒంటరి మనిషి పందెమువలె కనబడుతుంది. నిజమునకు ఇది జట్టు ఆట. వేగముగా పోయే సైకిలుకు గాలియే పెద్ద శత్రువు. ముందువాని వెనుక అంటుకొని పోయేవానికి శ్రమలో మూడవ వంతు దాకా తగ్గుతుంది. అందువలన జట్టులో ఒకడు నాయకుడైతే, మిగిలినవారు వంతులవారీగా ముందు నిలిచి, గాలిని తాము భరించి, అతనిని వెనుక దాచుకొని తీసుకొనిపోతారు. జట్టుకారు దగ్గరకు వెనుకబడి, నీళ్ల సీసాలు చొక్కాలో దోపుకొని, మరల గుంపును కలుసుకొని అందరికీ పంచుతారు. నాయకుని చక్రము పాడైతే తమ చక్రమిస్తారు. ఫ్రెంచి భాషలో వీరికి "దొమెస్తీక్" అని పేరు. ఇంటి నౌకరు అని అర్థము. గెలిచినవాని పేరు పత్రికలలో పెద్ద అక్షరములలో వస్తుంది. గాలి తిన్నవాని పేరు చివరి పట్టికలో ఎక్కడనో ఉంటుంది.

ఆ ప్రాయములో మా కన్ను గెలిచినవాని మీదనే నిలిచినది. ఆ సంవత్సరము గెలిచినవాడు అమెరికా దేశస్థుడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్. 1996లో అతనికి క్యాన్సరు వచ్చినది. అది ఊపిరితిత్తులకు, మెదడుకు కూడ వ్యాపించినది. అటువంటివాడు కోలుకొని, మూడు సంవత్సరములు తిరుగక మునుపే ఆ కొండలు ఎక్కి పసుపు చొక్కా ధరించినాడు. పంతొమ్మిదేళ్ల పిల్లవానికి ఇంతకంటె కావలసినదేమున్నది? మేము అతని బొమ్మను పత్రికలోనుండి కత్తిరించి హాస్టలు గోడకు అంటించినాము.

మన దేశములో ఈ ఆటకు ఆదరణ తక్కువ. 1992లో "జో జీతా వహీ సికందర్" అనే హిందీ చిత్రములో సైకిలు పందెమే కథకు శిఖరము. ఆ కథాచ్ఛాయలతోనే 1999లో వచ్చిన మన "తమ్ముడు" చిత్రములో సైకిలు పోయి కిక్ బాక్సింగు వచ్చినది. 2002 డిసెంబరులో మన రాష్ట్రము జాతీయ క్రీడలకు ఆతిథ్యమిచ్చినప్పుడు, ఉస్మానియా ఆవరణలో అంచులు గోడవలె పైకి లేచిన వెలోడ్రోము కనబడినది. మేము మూడు రోజులు అక్కడనే ఉన్నాము. మన పిల్లలు ఆ వాలు మీద జారకుండ తిరగడము చూచి కన్నులు చెమర్చినవి. అయినను రాత్రి కలలలో మాత్రము ఆల్ప్సు కొండలే వచ్చేవి.

ఆ తరువాత మేము ఆకాశవాణిలో చేరినాము. 2005 జూలైలో ఆర్మ్‌స్ట్రాంగ్ వరుసగా ఏడవసారి గెలిచినప్పుడు, యువజనుల కార్యక్రమములో అతనిని గురించి ఒక ప్రసంగము చేసినాము. సంకల్పబలము ముందు మృత్యువే తల వంచినదని, అతని రక్తములో ఉన్నది ధైర్యమొక్కటే అని అన్నాము. మాటలు మేమే ఏరుకొన్నవి. వాటికి మేమే మురిసిపోయినాము. వారము తిరగక మునుపే జాబులు వచ్చినవి. వైద్యము చేయించుకొంటున్న ఒక తల్లి తనకు ఆ మాటలు బలమిచ్చినవని వ్రాసినది.

ఇప్పుడు ఆ "రక్తము" అనే మాట దగ్గరనే ఆగవలసి ఉన్నది. మన మూత్రపిండములు ఎరిత్రోపొయిటిన్ అనే ఒక పదార్థమును తయారుచేస్తాయి. అది ఎముకల మజ్జను ప్రేరేపించి ఎర్ర రక్తకణములు పుట్టిస్తుంది. మూత్రపిండములు చెడి రక్తము తగ్గిన రోగులకు దీనినే మందుగా ఇస్తారు. ఆరోగ్యవంతుడు తీసుకొంటే రక్తము ప్రాణవాయువును ఎక్కువ మోస్తుంది. కొండ తక్కువ కొండ అవుతుంది. కాని రక్తము చిక్కబడి ప్రాణమునకే ముప్పు రావచ్చును. 1990 తరువాతి సంవత్సరములలో ఈ మందు సైకిలు పందెములలో బాగా వ్యాపించినది. 1998 జూలై 8వ తేదీన ఫ్రాన్సు, బెల్జియం సరిహద్దులో ఫెస్టినా జట్టుకు చెందిన కారును ఆపి సోదా చేయగా, దాని నిండ ఈ మందులే దొరికినవి. ఆ జట్టును పందెమునుండి తొలగించినారు. మేము అభిమానులమైనది దాని మరుసటి సంవత్సరమే.

అనగా, తెలుసుకొనవలెనంటే తెలుసుకొనుటకు ఆధారములు మొదటినుండియు ఉన్నవి. మేము తెలుసుకొనదలచలేదు. ఆర్మ్‌స్ట్రాంగ్ జట్టులో మర్దనము చేసే పరిచారిక ఎమ్మా ఓరైలీ తాను కన్నది, విన్నది చెప్పినది. డేవిడ్ వాల్ష్ అనే పాత్రికేయుడు తన సహరచయితతో కలిసి 2004లో ఆ సంగతులు పుస్తకముగా వెలువరించినాడు. 2005లో ప్రసంగము వ్రాసేనాటికి ఆ వివాదము పత్రికలలో ఉన్నది. మేము దానిని ఓర్వలేనివారి మాటలని పక్కకు నెట్టినాము. భక్తునికి దేవుని మీద వచ్చే ప్రతి మాట నిందగానే తోస్తుంది.

తరువాతి కథ లోకమంతటికీ తెలిసినదే. 2006 విజేత ఫ్లాయిడ్ లాండిస్ పరీక్షలో పట్టుబడి విజయమును కోల్పోయినాడు. 2012 అక్టోబరులో అమెరికా ఉత్ప్రేరక నిరోధక సంస్థ తన నివేదికను ప్రకటించినది. ఆర్మ్‌స్ట్రాంగ్ వెంట తొక్కిన పదకొండు మంది జట్టువారు సాక్ష్యమిచ్చినారు. అతని ఏడు విజయములును రద్దయినవి. 1999 నుండి 2005 వరకు విజేతల పట్టికలో ఆ ఏడు గడులును నేటికీ ఖాళీగా ఉన్నవి. 2013 జనవరిలో అతడే టి.వి. ముందు కూర్చుండి ఒప్పుకొన్నాడు.

మాకు బాధ కలిగించినది మందు ఒక్కటే కాదు. నిజము చెప్పినవారిని అతడు వెంటాడిన తీరు ఎక్కువ బాధించినది. ఎమ్మా ఓరైలీని నీచమైన మాటలన్నాడు. అనుమానము వ్రాసిన పత్రిక మీద దావా వేసి పరిహారము రాబట్టినాడు. జట్టుకు మర్దనము చేసి, బట్టలు సర్ది, సేవ చేసిన మనిషి నిజము చెప్పినది. వేదిక మీద నిలిచినవాడు అబద్ధము చెప్పినాడు. మేము వేదిక పక్షాన నిలిచి మైకులో మాట్లాడినాము.

2013 జూలైలో జరిగినది నూరవ పందెము. మేము చూడలేదు. ఇది క్రీడ కాదు, మందుల అంగడి అని స్నేహితులతో అన్నాము. 1904లోనే, అనగా రెండవ సంవత్సరమే, మొదటి నలుగురును అక్రమములు చేసినారని తొలగించి, ఐదవవానిని విజేతగా ప్రకటించిన పందెము ఇది. కొందరు దారిలో రైలెక్కినారనే ఆరోపణ కూడ ఉన్నది. పుట్టుకతోనే ఇంత అని పాత సంగతులు తవ్వి తవ్వి చెప్పేవారము. కోపములో ఉన్నవాడు కూడ భక్తునివంటివాడే. ఇద్దరికీ ఒక్కడే కనబడతాడు.

ఆ సెప్టెంబరులో ఒక వార్త చదివినాము. ఇటలీ దేశపు గీనో బర్తాలి 1938లోను, పది సంవత్సరముల తరువాత 1948లోను ఈ పందెము గెలిచినవాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలములో యూదులను కాపాడడమునకు చేసిన సహాయమునకుగాను, యెరూషలేములోని యాద్ వాషేమ్ సంస్థ ధర్మాత్ముల జాబితాలో ఆయన పేరును 2013లో చేర్చినది. సాధన చేస్తున్నట్టు కనబడుతూ, సైకిలు గొట్టములలో గుర్తింపు పత్రములు దాచి ఊరినుండి ఊరికి చేరవేసినాడని ఆ వార్త సారాంశము. 2000లో మరణించేవరకు ఆయన దీనిని చాటుకొనలేదు. ఒకే సంవత్సరములో ఒక సైకిలిస్టు దాచిన పాపము, మరొక సైకిలిస్టు దాచిన పుణ్యము బయటపడినవి. ఒకే ఆట, ఒకే కొండలు, ఒకే సైకిలు.

ఆ దసరాకు ఊరు పోయినాము. చాచా దుకాణము ముందు కూర్చున్నాము. ఆయనకు అప్పటికే చూపు మందగించినది. రేడియో మాత్రము పక్కనే మోగుతున్నది. మాటల మధ్య ఆయన అన్నారు:

"రేడియోల నువ్వు చెప్పిన ముచ్చట నేను విన్న బేటా. సైకిల్ దీస్కపోయే పోరగాండ్లందరికీ చెప్పిన. గా మనిషి కథ చెప్పి ధైర్నం చెప్పిన. తర్వాత పేపర్ల వాడు దొంగ అని వచ్చింది. నువ్వు మల్ల రేడియోల చెప్పినవా?"

"లేదు చాచా."

"అయితె నీ పేరు పలక మీద ఉన్నట్టే గదా."

మాకు మాట రాలేదు. కాసేపటికి బర్తాలి కథ చెప్పినాము. దాచుకొని చేస్తే మోసమని చిన్ననాడు మీరు తీర్పు చెప్పినారే, మరి ఈయన కూడ దాచినాడు గదా అని అడిగినాము. చాచా చాలసేపు చైనుకు నూనె వేస్తూ ఊరుకొన్నారు. చివరకు, "దాచి తనకేం మిగుల్చుకున్నడు?" అని మాత్రము అన్నారు.

ఆ ప్రశ్న మమ్ము మరల పందెము దగ్గరకు తీసుకొనివచ్చినది. 2014 నుండి మరల చూస్తున్నాము. అయితే చూచే చోటు మారినది. ఇప్పుడు మా కన్ను ముందుగా వెతికేది నీళ్ల సీసాలు మోసేవానిని. కొండ మొదట్లో అరగంటసేపు గాలిని చీల్చి, శక్తి అయిపోగానే పక్కకు తప్పుకొని, ఒంటరిగా మెల్లగా పైకి వచ్చేవానిని. పాత చరిత్రను కూడ ఆ కంటితోనే మరల చదివినాము.

1934లో రెనే వియెత్తో అనే ఇరువది ఏళ్ల కుర్రవాడు పిరెనీసు కొండలలో తన నాయకుడు ఆంతొనిన్ మాన్యునకు తన ముందు చక్రమును ఊడదీసి ఇచ్చినాడు. మరునాడు, ముందుకు పోయినవాడు వెనుకకు తిరిగి కొండ ఎక్కివచ్చి, ఏకముగా సైకిలునే ఇచ్చినాడు. చక్రము లేని సైకిలు పక్కన పెట్టుకొని, రాతిగోడ మీద కూర్చుండి ఏడుస్తున్న అతని ఛాయాచిత్రము ప్రసిద్ధమైనది. మాన్యు ఆ సంవత్సరము గెలిచినాడు. వియెత్తో తన జీవితములో ఈ పందెము గెలువనేలేదు.

1913లో యూజీన్ క్రిస్తోఫ్ అనేవాని సైకిలు ముందు ఫోర్కు తుర్మలే కొండ దిగుతుండగా విరిగినది. బయటివారి సాయము పొందరాదనేది నియమము. అతడు సైకిలును భుజాన వేసుకొని పది కిలోమీటర్లకు మించి నడిచి, సేంట్ మేరీ ద కాంపాన్ అనే గ్రామములో కమ్మరి కొలిమి చేరినాడు. పందెపు అధికారులు నిలబడి చూస్తుండగా, ఇనుమును తానే కాచి, తానే కొట్టి అతికించుకొన్నాడు. అయితే రెండు చేతులును పనిలో ఉండగా కొలిమి తిత్తిని ఒక పిల్లవాడు ఊదినాడు. అది సాయమే గనుక అధికారులు శిక్షగా అతని కాలమునకు కొన్ని నిమిషములు కలిపినారు. ఈ కథ చదివినప్పుడెల్లను మాకు అర్ధరాత్రి అన్న సైకిలును పట్టుకొని నడచిన తమ్ముడు జ్ఞాపకము వస్తాడు. ఆ తిత్తి ఊదినది అందరి ముందు. శిక్ష కూడ అందరి ముందు. లెక్క పలక మీద వ్రాసినారు, తీర్చుకొన్నారు. అందుకే నూరేళ్లు దాటినను క్రిస్తోఫ్ పేరు గౌరవముతో చెప్పుకొంటారు.

ఇప్పటి పందెము పరిశుద్ధమైనదా అని మమ్ము అడుగుతారు. 2008 నుండి సైకిలిస్టుల రక్తపు లెక్కలను సంవత్సరముల తరబడి నమోదు చేసి, అసహజమైన హెచ్చుతగ్గులను పట్టే పద్ధతి అమలులో ఉన్నది. ఇది పాత పరీక్షలకంటె మేలు. అయినను మేము ఎవరి రక్తమునకును హామీ ఇవ్వము. స్లొవేనియా దేశపు తదేయ్ పొగచార్ 2020లో ఇరువది రెండవ పుట్టినరోజుకు ముందునాడు పసుపు చొక్కాతో పారిసు చేరినాడు. 2025 నాటికి నాలుగుసార్లు గెలిచినాడు. అతడు కొండ ఎక్కుతుంటే మాకు మునుపటివలెనే ఒళ్లు పులకరిస్తుంది. పులకరించిన ఒంటిలో ఒక మూల అనుమానము కూడ కూర్చుండి ఉంటుంది. మొదట ఆ అనుమానమును తరిమివేయవలెనని చూచినాము. ఇప్పుడు దానికి కూడ ఒక పీట వేసినాము. పెద్దవయసు ప్రేమ అటువంటిదే కాబోలు.

అనుమానము లేని ఆనందములు కూడ లేకపోలేదు. 2022లో స్త్రీలకు మరల ఈ పందెము ప్రారంభమైనది. 2024లో పోలెండు దేశపు కాషా నియెవియాదోమా ఎనిమిది అంచెల తరువాత కేవలము నాలుగు క్షణముల తేడాతో గెలిచినది. అదే సంవత్సరము పురుషుల పందెములో ఎరిత్రియా దేశపు బినియమ్ గిర్మాయ్ మూడు అంచెలు గెలిచినాడు. అంచె గెలిచిన మొదటి నల్లజాతి ఆఫ్రికావాడు అతడే. ఆ రాత్రి ఆ చిన్న దేశపు వీధులలో జనము సైకిళ్లతో ఊరేగుతున్న చిత్రములు చూచినప్పుడు మాకు మా బస్సుస్టాండు కనబడినది. మన దేశములో కూడ 2026 జనవరిలో పూణే జిల్లాలో ఐదు రోజుల అంతర్జాతీయ పందెము జరిగినది. విదేశీ జట్లు సహ్యాద్రి కనుమలలో తొక్కినవి. మా ప్రాంతములో వినబడే మరాఠీ మాటయే ఆ దారి పొడవునా జయజయధ్వానములు చేసినది. మన పిల్లలు ఆ గుంపులో వెనుకబడి ఉండవచ్చును. వెనుకబడినవారిని చూడడము మేము ఇప్పటికి నేర్చుకొన్నాము.

ఇక బాకీ సంగతి. 2005 జూలైలో ఇదే మైకు ముందు కూర్చుండి మేము చెప్పిన ప్రసంగములో ఆ విజయములను గురించి చెప్పినది తప్పు. తెలియని దానిని తెలిసినట్టు చెప్పినాము. అనుమానించినవారిని ఓర్వలేనివారన్నాము. వారు చెప్పినదే నిజము. ఈ మాట 2013లోనే చెప్పవలసి ఉండెను. కోపము చల్లారిన తరువాత చెబుదామని మాకు మేము నచ్చచెప్పుకొన్నాము. అది సాకు మాత్రమే. తప్పు చెప్పిన ప్రసంగమునకు పట్టినది పది నిమిషములు. దానిని సరిదిద్దుకొనుటకు పట్టినది పది సంవత్సరములకు మించిన కాలము. మైకు ముందు కూర్చుండేవారు ఈ లెక్కను మరువరాదు.

ఆనాడు జాబు వ్రాసిన తల్లికి ఒక్క మాట. అతనికి వచ్చిన రోగము నిజము. వైద్యులు చేసిన చికిత్స నిజము. అతడు కోలుకొనడము నిజము. మీరు ధైర్యము తెచ్చుకొన్నది ఆ నిజములనుండి గనుక మీ ధైర్యములో కల్తీ లేదు. కల్తీ ఉన్నది మా మాటలలోనే.

చాచా దుకాణములో ఇప్పుడు కిరాయి సైకిళ్లు లేవు. ఆయన మనుమడు మోటారు సైకిళ్లకు పంచర్లు వేస్తాడు. మొన్న ఉగాదికి పోయినప్పుడు, ఆ మనుమడు తన కూతురికి చిన్న సైకిలు నేర్పుతున్నాడు. సీటు మీద చేయి ఉంచి వెనుక పరుగెత్తుతున్నాడు. అరుగు మీద కూర్చున్న చాచా, చూపు ఆనకపోయినను, చక్రపు చప్పుడును బట్టి "చెయ్యి ఇడువు, చెయ్యి ఇడువు" అని కేక వేస్తున్నారు. పాత పలక ఇంకను గోడకు వేలాడుతున్నది. దాని మీద మా పేరు లేదు. ఉన్నట్టే మాకు కనబడినది.

ఈ రాత్రి ఆయన రేడియో తెరిచే ఉంటారు. చెప్పవలసినది చెప్పినాము. పేరు తుడవవలసినదో కాదో నిర్ణయించేది ఆయన. మాకు మాత్రము జూలై దగ్గర పడుతున్నది. పెసర విత్తే కాలము. సెలవు.